జెల్లీ రోల్ మోర్టన్: ధ్వనిముద్రణల వెలుగులో ఒక జాజ్ విద్వాంసుడి ఆత్మకథనం

వ్యాససంగ్రహం:
తొలితరం జాజ్ పియానో విద్వాంసుల్లో, స్వరకర్తల్లో జెల్లీ రోల్ మోర్టన్ అగ్రగణ్యుడు. జాజ్‌ను తానే సృష్టించానని ఆయన ప్రకటించుకోవడంతో, ఆయన ప్రతిభ కన్నా ప్రగల్భాలే ఎక్కువగా చర్చకు వచ్చాయి. మోర్టన్ మాటలను ఆయన ధ్వనిముద్రణలతో పోల్చి, వాటిలో ఏవి ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జాజ్, పియానో, న్యూ ఆర్లీన్స్, ధ్వనిముద్రణ, మౌఖిక చరిత్ర, ఆత్మకథనం.

1. ఉపోద్ఘాతం:
1938లో అమెరికాలోని ఒక రేడియో కార్యక్రమం డబ్ల్యు. సి. హ్యాండీని జాజ్, బ్లూస్ సంగీతాలకు ఆద్యుడిగా పరిచయం చేసింది. దానికి ఆగ్రహించిన మోర్టన్, 1902లో జాజ్‌ను సృష్టించింది తానేనని వాదిస్తూ సుదీర్ఘమైన లేఖ రాశాడు. 'డౌన్ బీట్' అనే సంగీత పత్రిక దానిని ప్రచురించింది. ఏ సంగీతరీతీ ఒక్క వ్యక్తి చేతిలో, ఒక్క సంవత్సరంలో రూపొందదు. పైగా మోర్టన్ తాను 1885లో పుట్టానని చెప్పుకున్నా, చర్చి పత్రంలో 1890 అని ఉంది. ఆ లెక్కన 1902 నాటికి ఆయన వయసు పన్నెండేళ్లకు మించదు. ఈ ఒక్క వాదన వీగిపోయినంత మాత్రాన ఆయన చెప్పిన తక్కిన విషయాలనూ తోసిపుచ్చవచ్చా అన్నది పరిశోధకుల ముందున్న ప్రశ్న.

2. జీవిత నేపథ్యం:
మోర్టన్ అసలు పేరు ఫెర్డినాండ్ జోసెఫ్ లమోత్. న్యూ ఆర్లీన్స్ నగరంలో, ఫ్రెంచి, ఆఫ్రికా మూలాలు కలగలసిన క్రియోల్ కుటుంబంలో జన్మించాడు. సవతి తండ్రి ఇంటిపేరు 'మూటన్' ఆంగ్లీకరణ చెంది 'మోర్టన్' అయింది. క్రియోల్ కుటుంబాలు తమను తక్కిన నల్లజాతివారి నుంచి వేరుగా భావించుకునేవి. జాతివివక్ష చట్టాలు మాత్రం ఆ తేడాను లెక్కచేయలేదు. మోర్టన్ కూడా తన ఫ్రెంచి వంశమూలాలనే ముందుకు తెచ్చేవాడు. కౌమారంలోనే స్టోరీవిల్ వేశ్యావాటికలో పియానో వాయించాడు. ఆ సంగతి తెలిసి, తనను పెంచుతున్న ముత్తవ్వ ఇంటి నుంచి వెళ్లగొట్టిందని ఆయన చెప్పుకున్నాడు. అటుపై ఊరూరా తిరిగే వాద్యకారుడిగా, జూదరిగా జీవించాడు. 1915లో షికాగోలో అచ్చయిన ఆయన 'జెల్లీ రోల్ బ్లూస్' తొలినాటి ముద్రిత జాజ్ స్వరరచనల్లో ఒకటి.

3. వాణిజ్య ధ్వనిముద్రణలు:
1923 జూలైలో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని జెన్నెట్ సంస్థ మోర్టన్ పియానోను ముద్రించింది. అప్పుడే ఆయన 'న్యూ ఆర్లీన్స్ రిథమ్ కింగ్స్' అనే శ్వేతజాతి బృందంతో కలిసి వాయించాడు. జాజ్‌లో రెండు జాతుల వాద్యకారులు కలిసి చేసిన తొలి ముద్రణల్లో అది ఒకటి. మైక్రోఫోన్ లేని ఆ పద్ధతిలో కొమ్ములాంటి గొట్టం ధ్వనిని గ్రహించేది. అందువల్ల నాదం పలుచగా వినిపిస్తుంది. అయినా 'కింగ్ పోర్టర్ స్టాంప్' వింటే రెండు చేతుల్లో ఒక వాద్యబృందమే పలుకుతున్నట్లు తోస్తుంది. పియానో వాద్యకారుడు బృందాన్ని అనుకరించాలన్నది మోర్టన్ సిద్ధాంతం.

1926 సెప్టెంబరు 15న షికాగోలో విక్టర్ సంస్థకు 'రెడ్ హాట్ పెప్పర్స్' బృందంతో చేసిన ముద్రణలు ఆ సిద్ధాంతానికి మరో ముఖం. వాటిలోని 'బ్లాక్ బాటమ్ స్టాంప్' సుమారు మూడు నిమిషాల రచన. మేళమంతా ఒక్కసారిగా ఆగి ఒకే వాద్యానికి చోటివ్వడం, పియానో ఒంటరిగా పలకడం, మళ్లీ అన్నీ కలిసి ఉధృతమవడం అందులో ముందే ఆలోచించిన అమరికగా కనిపిస్తాయి. మనోధర్మాన్నీ ముందస్తు రచననూ పొందికగా కలిపిన స్వరకర్తగా మోర్టన్ స్థానాన్ని నిర్ణయించేవి ఈ ముద్రణలే.

4. 1938 నాటి ఆత్మకథనం:
1930 తరువాత విక్టర్ సంస్థ ఒప్పందాన్ని పునరుద్ధరించలేదు. అభిరుచులు మారాయి. 1938 నాటికి మోర్టన్ వాషింగ్టన్‌లోని ఒక చిన్న క్లబ్బులో వాయిస్తున్నాడు. ఆ ఏడాది మే 23న జానపద సంగీత పరిశోధకుడు అలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆయన కథనాన్ని ముద్రించడం ప్రారంభించాడు. మొత్తం ముద్రణ ఎనిమిది గంటలకు మించింది. పియానో ముందు కూర్చుని, మాట్లాడుతూ, వాయిస్తూ, పాడుతూ మోర్టన్ న్యూ ఆర్లీన్స్ సంగీత చరిత్రను వినిపించాడు. ఇందులో వాదనం మాటకు అలంకారం కాదు, నిరూపణ.

5. మాటకు వాదనం సాక్ష్యం:
మూడు ఉదాహరణలను పరిశీలించవచ్చు.

అ) జాజ్‌కు స్పానిష్ ఛాయ తప్పనిసరి అని మోర్టన్ అన్నాడు. హబనేరా లయను ఎడమచేతిలో నిలిపి చూపించాడు. 1923 నాటి 'న్యూ ఆర్లీన్స్ జాయ్స్' ముద్రణలో ఇదే లయ ఉంది. ఈ వాదనకు పూర్వపు ఆధారం బలంగా ఉంది.

ఆ) 'టైగర్ రాగ్' ఒక పాత ఫ్రెంచి నాట్య సంగీతం నుంచి తన చేతిలో రూపొందిందని చెప్పి, దాని భాగాలను వరుసగా వాయించాడు. అయితే ఆ రచన 1917లోనే ఒక శ్వేతజాతి బృందం పేర నమోదైంది. మోర్టన్ ప్రదర్శన రూపాంతర ప్రక్రియను వివరిస్తుందే గాని, కర్తృత్వాన్ని రుజువు చేయదు.

ఇ) స్కాట్ జోప్లిన్ 'మేపుల్ లీఫ్ రాగ్'ను మొదట మిస్సోరీ శైలిలో, తరువాత తన శైలిలో వాయించాడు. స్వరరచన ఒకటే. లయలోని ఊగు, పదాల విరుపు మారాయి. జాజ్ అంటే ఏ రచనకైనా వర్తించగల వాదనరీతి అని దీని ద్వారా ఆయన నిర్వచించాడు. "సృష్టించాను" అన్న మాటలోని అతిశయాన్ని తొలగిస్తే మిగిలే విలువైన అంశం ఇదే.

6. పాఠం, ధ్వని:
లోమాక్స్ ఈ కథనాన్ని పునర్వ్యవస్థీకరించి 1950లో 'మిస్టర్ జెల్లీ రోల్' అనే గ్రంథంగా వెలువరించాడు. అంతకుముందు వెలువడిన రికార్డులు కూడా సంక్షిప్తాలే. సంపూర్ణ ముద్రణ 2005లో వెలువడింది. గ్రంథంలో పియానో వినిపించదు. నిరూపణ తొలగిపోయి మాట మాత్రమే మిగలడంతో, మోర్టన్ మరింత ప్రగల్భిగా కనిపిస్తాడు. మౌఖిక కథనాన్ని పాఠంగా మార్చే ప్రతి పరిశోధకుడూ ఈ నష్టాన్ని గుర్తించాలి.

ముగింపు:
1935లో శ్వేతజాతి వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందం 'కింగ్ పోర్టర్ స్టాంప్'తో విశేషమైన పేరు పొందింది. దాని కర్త మాత్రం విస్మృతిలో ఉండి, తన రచనల మీద రావలసిన ఆదాయం కోసం పోరాడుతున్నాడు. ఈ సందర్భంలో చూస్తే, 1938 నాటి లేఖలో అహంతో పాటు హక్కుల కోసం ఆక్రోశం కూడా ఉంది. మోర్టన్ 1941 జూలై 10న లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. ఆయన చెప్పిన తేదీలను పత్రాలతో సరిచూడాలి. కర్తృత్వ వాదనలను సందేహంతో స్వీకరించాలి. సంగీత స్వభావం గురించి ఆయన చేసిన విశ్లేషణకు మాత్రం ఆయన వేళ్లే ప్రమాణం.