దిక్కు తెలిసిన యాంటెన్నా

మన్యం ఊళ్లలో "మాకు సిగ్నల్ లేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. చాలా ఊళ్ల విషయంలో అది పూర్తి నిజం కాదు. టవర్ నుంచి బయల్దేరిన తరంగాలు కొండ అంచు దగ్గర వంగి, చెట్ల మధ్య చిక్కి, రాళ్లకు తగిలి చెదిరి, ఎంతో కొంత ఊరిదాకా వస్తూనే ఉంటాయి. వచ్చేది మరీ తక్కువ, అంతే. ఫోన్ సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం మైనస్ 110 డీబీఎం అని కనబడిందంటే, ఒక వాట్‌ను కోటి కోట్ల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు ఆ ఫోన్‌కు అందుతోందని అర్థం. ఫోన్ లోపల దాగిన చిన్న యాంటెన్నాకు టవర్ ఏ వైపు ఉందో తెలియదు. అన్ని వైపుల నుంచీ వచ్చేదాన్ని ఇంచుమించు ఒకేలా తీసుకుంటుంది. అందుకే పాడేరు, చింతపల్లి వైపు కొండ ఊళ్లలో జనం ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కుతారు. వేలిముద్ర పడితే తప్ప బియ్యం ఇవ్వలేని రేషన్ డీలర్ వేలిముద్ర యంత్రాన్ని కూడా గుట్ట మీదికే మోసుకుపోతాడు. వాళ్లు అలా సంపాదించేది ఎత్తు. ఎత్తుతో పాటు దిక్కును కూడా సంపాదించిపెట్టే వస్తువు ఒకటుంది. దాని వయసు నూరేళ్లు. తొలినాళ్లలో అది చేసిన పనుల్లో ఒకటి, సముద్రం మధ్య ఒంటరిగా ఉన్న ఊరికి టెలిఫోన్ అందించడం.

నలభై దాటిన వాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. పొడుగాటి అల్యూమినియం గొట్టం, దానికి అడ్డంగా వరసగా బిగించిన కడ్డీలు. దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద, పెంకుటిళ్ల పక్కన పాతిన వెదురు గడల మీద అదే ఉండేది. ఇంజనీర్లు దాన్ని యాగి-ఉదా యాంటెన్నా అంటారు. దుకాణంలో ఉత్త యాగి అంటే చాలు, తీసిస్తారు. పేరులోంచి జారిపోయిన రెండో మనిషే ప్రయోగాల భారమంతా మోసినవాడు.

జపాన్ ఈశాన్య ప్రాంతంలో సెండాయ్ అనే నగరం ఉంది. అక్కడి తొహొకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో హిదెత్సుగు యాగి ప్రొఫెసర్. 1886లో ఒసాకాలో పుట్టారు. యూరప్ వెళ్లి జర్మనీలో బార్క్‌హౌజెన్, లండన్‌లో ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్తల దగ్గర పనిచేసి వచ్చారు. ఆయనకు సహాయకుడు షింతారో ఉదా, పదేళ్లు చిన్నవాడు. అప్పట్లో రేడియో అంటే వందల, వేల మీటర్ల పొడవున్న తరంగాలు, వాటిని పంపడానికి ఆకాశమంత స్తంభాలు. కొద్ది మీటర్ల పొట్టి తరంగాల మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. అవి భూమి వంపు దాటి పోవు, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. యాగి వాటినే పట్టుకున్నారు. యాంటెన్నా కొలత తరంగం పొడవును బట్టి ఉంటుంది. తరంగం పొట్టిదైతే యాంటెన్నా కూడా పొట్టిది. అప్పుడు ఒకటి కాదు, నాలుగైదు కడ్డీలు పక్కపక్కన నిలబెట్టి చూడొచ్చు. 1924 నుంచి ఆ ప్రయోగశాలలో జరిగింది ఇదే.

అక్కడ బయటపడిన విషయం ఈనాటికీ నాకు అద్భుతంగానే ఉంటుంది. వరసలో ఒక్క కడ్డీకే తీగ ఉంటుంది. దాని పొడవు తరంగంలో ఇంచుమించు సగం. మిగతా కడ్డీలకు ఏ తీగా లేదు, కరెంటు లేదు. అయినా తరంగం తాకగానే వాటిలోనూ విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తు తిరిగి తరంగాలను వెదజల్లుతుంది. కీలకమంతా పొడవులో ఉంది. అసలు కడ్డీ కంటే కొద్దిగా, నూటికి ఐదు వంతుల మేర, పొడవైన కడ్డీలో విద్యుత్తు కాస్త వెనకబడుతుంది. అంతే మేర పొట్టిదైతే కాస్త ముందుంటుంది. పొడవైనదాన్ని వెనక, పొట్టివాటిని ముందు సరైన దూరాల్లో నిలిపితే ముందు నుంచి వచ్చిన తరంగం ఒక్కో కడ్డీ దగ్గర సరిగ్గా సమయానికి ఊతం అందుకుంటుంది. ఊయల మన వైపు వచ్చి తిరిగే క్షణంలోనే తోస్తే చిన్నపిల్ల చేయి కూడా దాన్ని ఎంత ఎత్తుకైనా ఊపగలదు కదా, అలాగ. వెనక నుంచి వచ్చేవి మాత్రం ఒకదానికొకటి ఎదురుపడి చాలావరకు చెల్లిపోతాయి. ఈ యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. చుట్టూ చెదిరే దృష్టిని ఒక వైపుకు కూడదీస్తుంది. పది కడ్డీల యాంటెన్నా తాను చూస్తున్న దిక్కు నుంచి ఒంటి కడ్డీ కంటే ఇంచుమించు పది రెట్లు ఎక్కువ శక్తిని పట్టగలదు. అందుకు బదులుగా పక్కలను వదులుకుంటుంది.

ఉదా 1926 నుంచి వరసగా జపనీస్‌లో వ్యాసాలు రాశాడు. బయటి ప్రపంచం వాటిని చదవలేదు. 1928లో యాగి ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసం అమెరికా రేడియో ఇంజనీర్ల పత్రికలో వచ్చింది, యాంటెన్నాకు యాగి పేరు అంటుకుపోయింది. ఆ వ్యాసంలో యాగి తన శిష్యుడి పనిని దాచలేదు, ఉదా పేరు స్పష్టంగానే చెప్పారు. అయినా 1932లో వచ్చిన అమెరికా పేటెంట్ మీద ఉన్నది యాగి పేరొక్కటే. శిష్యుడి చెమట గురువు పేరు మీదికి చేరడం అన్ని దేశాల విశ్వవిద్యాలయాల్లోనూ జరిగింది, జరుగుతోంది. ఉదా పేరును కూడా పలకాలని నేను పట్టుబట్టేది అందుకే.

సకాతా రేవుకు ఎదురుగా జపాన్ సముద్రంలో సుమారు నలభై కిలోమీటర్ల దూరాన తొబిషిమా అనే చిన్న దీవి ఉంది. 1930ల తొలి ఏళ్లలో ఈ కడ్డీల యాంటెన్నాలతో ఆ దీవికీ తీరానికీ మధ్య టెలిఫోన్ మాటలు నడిచాయి. రెండు ఒడ్డుల మీదా ఒకదాన్నొకటి చూస్తూ యాంటెన్నాలు, మధ్యలో నీళ్లు. ఈ రోజు కొండ ఊరిలో ఎవరైనా టవర్ వైపు యాంటెన్నా తిప్పుతున్నారంటే చేస్తున్నది ఇదే పని.

జపాన్ సైన్యం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. బ్రిటన్, అమెరికా పట్టించుకున్నాయి. 1942లో సింగపూర్ జపాన్ వశమైంది. అక్కడ దొరికిన బ్రిటిష్ రాడార్ కాగితాల్లో యాగి అన్న మాట పదేపదే కనబడింది. అదేమిటో జపాన్ సాంకేతికులకు అంతుబట్టలేదు. పట్టుబడిన బ్రిటిష్ సైనికుణ్ణి అడిగితే, అది మీ దేశపు ప్రొఫెసర్ పేరే కదా అని చెప్పాడట. హిరోషిమా, నాగసాకి మీద పడిన బాంబులు నేలకు ఎంత ఎత్తులో పేలాలో చూసుకునే రాడార్లకు కూడా ఇవే యాంటెన్నాలు. దీవికి మాట అందించిన వస్తువు ఆ దేశం మీదికే అలా తిరిగి వెళ్లింది.

ఉదా మన దేశానికి వచ్చాడన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1955 నుంచి 1958 వరకు యునెస్కో నిపుణుడిగా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు, 1977లో, హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. ఎనభైలలో చిన్న ట్రాన్స్‌మిటర్లు ఊరూరా రావడంతో ఉదా కడ్డీలు కూడా ఊరూరికీ చేరాయి. పైన ఒకరు గొట్టం తిప్పడం, కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది... మళ్లీ పోయింది" అని కేకెయ్యడం ఒక తరానికంతా గుర్తు. గురుశిష్యులిద్దరూ ఆ వైభవం చూడలేదు. 1976లోనే, జనవరిలో యాగి, ఆగస్టులో ఉదా కన్నుమూశారు.

టీవీ కంటే మాటకు దగ్గరి అధ్యాయం ఒకటుంది. తొంభైలలో టెలికాం శాఖ మారుమూల గ్రామాలకు ఎంఏఆర్ఆర్ అనే రేడియో పద్ధతిలో పంచాయతీ ఫోన్లు ఇచ్చింది. ఊళ్లో స్తంభం మీద యాగి యాంటెన్నా, దూరంగా ఎక్స్ఛేంజి దగ్గర మరో స్తంభం. ఆ ఫోన్లు తరచుగా మూగబోయేవి, చివరికి వాటిని తీసి వేరేవి పెట్టవలసి వచ్చింది. ఆ వైఫల్యంతో యాంటెన్నాకు కూడా చెడ్డపేరు వచ్చింది. అది అన్యాయమని నా అభిప్రాయం. కరెంటు నిలకడగా లేని ఊళ్లో, బ్యాటరీ చచ్చిపోతే బాగుచేసే మనిషి నెలల తరబడి రాని చోట, ఏ రేడియో అయినా అంతే.

ఇప్పుడు మన చేతిలోని ఫోన్ సంగతి. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు, కాబట్టి యాంటెన్నాలో ఒక్కో కడ్డీ జానెడు కంటే తక్కువ. అంత చిన్నదైనా అది చేసే మేలు రెండు వైపులా ఉంటుంది. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. మన 4జీ ఫోన్ వాట్‌లో అయిదో వంతుతో బదులివ్వాలి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు కనబడుతున్నా కాల్ కలవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం, టవర్ మాట మనకు అందుతోంది, మన మాట టవర్‌కు అందట్లేదు. యాంటెన్నా వినేటప్పుడు ఏ దిక్కున పదునుగా ఉంటుందో పలికేటప్పుడూ ఆ దిక్కుకే పదునుగా ఉంటుంది.

కానీ దాన్ని ఫోన్‌కు తగిలించేదెలా? కొన్ని పాత ఫోన్లకు వెనక యాంటెన్నా తగిలించే చిన్న రంధ్రం ఉండేది, ఇప్పటివాటికి లేదు. అందుకే సిమ్ వేసుకునే రౌటర్ కావాలి, బయటి యాంటెన్నాకు సాకెట్లు ఉన్నది. అక్కడి నుంచి వైఫై ఇంట్లోకి వస్తుంది. 2019 చివర, 2020 మొదట్లో మన కంపెనీల్లో కొన్ని వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి కాబట్టి మామూలు ఫోన్ కాల్ కూడా దాని మీదుగానే వెళ్లగలదు.

యాంటెన్నా పెట్టేటప్పుడు మొదట చూడాల్సింది ఎత్తు. అడ్డేమీ లేని నేల మీద ఛాతీ ఎత్తున పట్టుకున్న ఫోన్‌కు రేడియో దిగంతం అయిదు కిలోమీటర్లు. అదే తొమ్మిది మీటర్ల గొట్టం మీదికి ఎక్కితే పన్నెండు. నలభై మీటర్ల టవర్‌కు సొంతంగా ఇరవై ఆరు కిలోమీటర్లు ఉంటుంది, రెండూ కలుపుకోవాలి. కొండల్లో ఈ లెక్క అంత సులువుగా కుదరదు, అయినా కొండ అంచు కనబడే చోటు కనబడని చోటు కంటే ఎంతో నయం. తర్వాత తీగ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సన్నని చవకరకం కోయాక్సియల్ తీగ పది మీటర్లు వేస్తే, యాంటెన్నా కష్టపడి పోగుచేసిన దాంట్లో మూడింట రెండు వంతులు దారిలోనే వేడిగా పోతుంది. మందపాటి తీగ వాడాలి, లేదంటే రౌటర్‌నే గొట్టం మీద, యాంటెన్నా పక్కనే వానకు తడవని పెట్టెలో పెట్టి, ఇంట్లోకి మామూలు నెట్‌వర్క్ తీగ దించుకోవాలి. రెండోదే మేలు.

యాగికి ఒక బలహీనత ఉంది. అది ఒక ఇరుకైన తరంగ పట్టీకే పనికొస్తుంది. 900కి కోసిన కడ్డీలు 2100కి పనికిరావు. 4జీ ఒకేసారి రెండు దారుల్లో సమాచారం పంపుతుంది కాబట్టి కడ్డీలు ఒకదానివి ఎడమకు, ఒకదానివి కుడికి వాలిన రెండు యాంటెన్నాలు ఉంటే వేగం పెరుగుతుంది. పట్టీ ఏదో తెలియకపోతే లాగ్-పీరియాడిక్ యాంటెన్నా నయం. 1950ల చివర అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ యాంటెన్నాలో ప్రతి కడ్డీకీ తీగ కలుస్తుంది, పొడవులు క్రమంగా తగ్గుతూ పోతాయి, చాలా పట్టీలను అందుకుంటుంది. పట్టు మాత్రం అంతే పొడవున్న యాగి కంటే తక్కువ.

ఇంత శ్రమ ఎందుకు, బూస్టర్ కొనొచ్చు కదా అంటారు. బయట ఒక యాంటెన్నా, లోపల ఒకటి, మధ్యలో సిగ్నల్‌ను లక్షల రెట్లు పెంచే పెట్టె. లోపలి యాంటెన్నా పలికింది బయటిది విందంటే ఆ పెట్టె తన గొంతునే మళ్లీ మళ్లీ పెంచుకుంటూ పోయి, టవర్ వినే తరంగాన్నంతా రొదతో నింపేస్తుంది. అప్పుడు ఒక ఇంటి సౌకర్యం కోసం ఆ టవర్ కింద ఉన్న ఊళ్లన్నీ మూగబోతాయి. మన దేశంలో లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీలు తప్ప ఇతరులు బూస్టర్ పెట్టడం, అమ్మడం చట్టవిరుద్ధం. 2022లో టెలికాం శాఖ ఈ విషయమై మళ్లీ గట్టిగా హెచ్చరించింది. అయినా నెట్‌లో కొని తెచ్చిపెడుతున్నారు. పక్క ఊళ్లో 108కి ఫోన్ చేస్తున్న మనిషికి ఆ పెట్టె ఏం చేస్తుందో అమ్మేవాళ్లు చెప్పరు. అమెరికాలో ప్రమాణాలకు లోబడి తనంతట తాను తగ్గే బూస్టర్లను 2014 నుంచి అనుమతించారు. మనకూ అలాంటి దారి తెరిస్తే మంచిదే, తెరిచేదాకా మాత్రం దిక్కు చూసే యాంటెన్నాయే సరైన దారి.

దానికీ హద్దులున్నాయి. 2జీలో ఫోన్ టవర్‌కు 35 కిలోమీటర్ల లోపే ఉండాలి. అంతకు మించితే సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా ఫోన్ మాట తనకిచ్చిన కాలపు గడిలోకి సమయానికి చేరదు, టవర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. రెండు కొండలకు అవతల, లోయ అడుగున, తరంగమే చేరని ఊరిలో ఏ కడ్డీ ఏం కూడదీస్తుంది? అక్కడ టవర్ రావాల్సిందే. 2021 నవంబర్‌లో కేంద్రం ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో 7,287 గ్రామాలకు, 2022 జులైలో దేశమంతటా 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకాలను ఆమోదించింది. రెండోదాని ఖర్చు 26,316 కోట్ల రూపాయలు. కొండల్లో వంగి పోవడానికి 2100 కంటే 700 మెగాహెర్ట్జ్ ఎంతో అనువైనది, ఆ టవర్లు దాన్ని వాడుకోవాలి.

నాకు కావాలనిపించేది ఇంకొకటుంది, దానికి కోట్లు అక్కర్లేదు. కొండ ఊళ్లకు ఒక మనిషి కొలిచే యంత్రంతో వెళ్లి, గుట్ట మీద, బడి దగ్గర, రేషన్ డిపో దగ్గర సిగ్నల్ బలం ఎంతో, ఏ దిక్కు నుంచి, ఏ పట్టీలో వస్తోందో రాసుకురావాలి. మైనస్ 110 ఉన్న ఊరి బడికి గొట్టం, రెండు యాంటెన్నాలు, రౌటర్, చిన్న సోలార్ పలక చాలు, వారంలో పని అయిపోతుంది. ఏమీ రాని ఊరికి టవర్ కావాలి, ఏళ్లు పడుతుంది. ఈ రెండు రకాల ఊళ్లనూ ఒకే జాబితాలో "సిగ్నల్ లేదు" అని రాస్తే, వారంలో ఫోన్ రావలసిన ఊరు కూడా టవర్ కోసం వరసలో నిలబడిపోతుంది.