సోరియాసిస్‌కు పూత మందు: ఏది, ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు?

మోచేతి మీదో మోకాలి మీదో దళసరి మచ్చ లేచి తెల్లటి పొలుసులు రాలుతుంటే, మనలో చాలామంది ముందు వెళ్లేది మందుల షాపుకే. ‘దురదకు ఏదైనా క్రీమ్ ఇవ్వండి’ అని అడిగితే తరచుగా స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. రాస్తే వారంలో మచ్చ పలచబడుతుంది. ఆపేస్తే మళ్లీ వస్తుంది, ఒక్కోసారి మునుపటికన్నా ఎక్కువగా వస్తుంది. ఇలా నాలుగైదు ట్యూబులు మార్చేసరికి ‘దీనికి మందే లేదు’ అన్న నిరాశ మిగులుతుంది.

మందులున్నాయి. జబ్బును శాశ్వతంగా పోగొట్టకపోయినా నెలల తరబడి అణచి ఉంచగలిగే మంచి పూత మందులే ఉన్నాయి. అయితే ఏ మందు, ఏ భాగానికి, ఎంత, ఎన్నాళ్లు అన్న నాలుగు విషయాలూ రోగికి తెలియాలి. వీటిలో ఒక్కటి తప్పినా మంచి మందు కూడా పనిచేయదు, లేదా హాని చేస్తుంది.

జరిగేది ఏమిటి?

మామూలుగా చర్మ కణం అడుగున పుట్టి పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి వాపు పుట్టిస్తుంది. ఆ ప్రేరణతో కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లోనే పైకి తోసుకొస్తాయి. పక్వం కాని ఆ కణాలే పొలుసులుగా పేరుకుంటాయి. తెల్లటి చర్మం మీద మచ్చ ఎర్రగా ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. అందుకే తామర అని పొరబడటం ఎక్కువ. నిజంగా తామరైతే స్టెరాయిడ్ దాన్ని దాచిపెట్టి మరింత పాకిస్తుంది. కాబట్టి మొదట చర్మ వైద్యుడు చూసి నిర్ధారించాలి.

ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకున్నా, ఒకే పక్క మీద పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. వీపుకు మందు రాయడానికి ఇంట్లో ఎవరో ఒకరి చేయి కావాలి. ఆ చేయి వెనకాడకూడదు.

జబ్బు ఎంత మేర ఉందో కొలవడానికి రోగి అరచేయే కొలబద్ద. వేళ్లతో సహా ఒక అరచేయి అంటే ఒంటి మీది చర్మంలో సుమారు 1 శాతం. మచ్చలన్నీ కలిపి కొద్ది అరచేతుల మేరకే ఉంటే సాధారణంగా పూత మందులతోనే అదుపు చేయవచ్చు.

స్టెరాయిడ్: మందూ అదే, ముప్పూ అదే

వాపును త్వరగా తగ్గించేది స్టెరాయిడే. అన్ని స్టెరాయిడ్లూ ఒకటి కావు. 1 శాతం హైడ్రోకార్టిసోన్ చాలా తేలికపాటిది, మొమెటాసోన్ మధ్యస్థం, 0.05 శాతం క్లోబెటసాల్ అత్యంత శక్తిమంతమైనది. మోచేతి దళసరి చర్మానికి, అరికాలికి క్లోబెటసాల్ అవసరం కావచ్చు. అదే ముఖానికి, చంకలకు, గజ్జలకు రాస్తే చర్మం పలచబడి రక్తనాళాలు బయటపడతాయి, చారలు పడతాయి. ఆ చారలు తిరిగి మానవు.

క్లోబెటసాల్‌ను సాధారణంగా రెండు వారాలకు మించి ఏకధాటిగా రాయరు. వారానికి 50 గ్రాములు దాటకూడదు. తగ్గాక ఒక్కసారిగా ఆపకుండా, వైద్యుడు చెప్పినట్లు రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికి రెండు రోజులకు తగ్గించుకుంటూ రావాలి. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు మరింత ప్రమాదం. వాటిని హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా చీముపొక్కులు లేచే తీవ్ర రూపానికి సోరియాసిస్ మారవచ్చు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 స్టెరాయిడ్ పూత మందులను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ ‘హెచ్’లో చేర్చింది ఈ దుర్వినియోగాన్ని చూసే. ఆ చీటీ అడగని షాపు రోగికి మేలు చేస్తున్నట్లు కాదు.

విటమిన్ ‘డి’ దారి

1985లో జపాన్‌లోని ఒసాకా వైద్యులు ఎముకలు గుల్లబారిన ఒక రోగికి విటమిన్ ‘డి’ రకం మందు ఇస్తే అతని సోరియాసిస్ తగ్గిపోయింది. ఆ గమనింపు వెంట సాగిన పరిశోధనే కాల్సిపోట్రియాల్ వంటి పూత మందులకు దారితీసింది. ఇవి కణాల తొందరను నెమ్మదింపజేస్తాయి. చర్మాన్ని పలచబరచవు కాబట్టి ఎక్కువ కాలం వాడవచ్చు. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, మొదట్లో కొంత మంట ఉండవచ్చు. పెద్దలకు వారానికి 100 గ్రాముల లోపే వాడాలి. సాలిసిలిక్ ఆమ్లంతో కలిపి రాస్తే కాల్సిపోట్రియాల్ నిర్వీర్యమైపోతుంది. రెండూ ఉంటే వేర్వేరు వేళల్లో రాయాలి.

ఇప్పుడు కాల్సిపోట్రియాల్, బెటామెథాసోన్ కలిపిన మందును రోజుకొక్కసారి, సాధారణంగా నాలుగు వారాల దాకా రాయమంటున్నారు. స్టెరాయిడ్ వేగం, విటమిన్ ‘డి’ నిలకడ రెండూ అందులో ఉన్నాయి.

పాతవైనా పనికొచ్చేవి

తామరకు వాడే గోవా పొడి సోరియాసిస్‌కూ పనిచేస్తుందని 1876లో లండన్ వైద్యుడు బాల్మనో స్క్వైర్ ప్రకటించారు. బ్రెజిల్ చెట్టు నుంచి తీసే ఆ పొడి పోర్చుగీసుల ఓడల మీద గోవాకు చేరింది. దాన్ని ఆధారం చేసుకునే 1916లో డిత్రనాల్‌ను తయారుచేశారు. మంట, బట్టలకు మరక దాని ఇబ్బందులు. అందుకే తక్కువసేపు, 10 నుంచి 30 నిమిషాలు ఉంచి కడిగేస్తారు. తారు మందు కూడా ఇలాంటిదే. 1925లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో గోకర్‌మన్ అనే వైద్యుడు తారు పూతకు అతినీలలోహిత కాంతి జోడించి చికిత్స చేశారు. వాసన ఘాటైనా తలలో పొలుసులకు తారు షాంపూ నేటికీ వాడుతున్నారు.

ముఖం, గజ్జలు, జననాంగాల వద్ద స్టెరాయిడ్‌కు బదులు టాక్రోలిమస్ రాయమంటారు. టాజరోటిన్ అనే మరో పూత మందును గర్భిణులు, గర్భం కోరుకునేవారు వాడకూడదు. అమెరికాలో 2022లో స్టెరాయిడ్ లేని టాపినరోఫ్, రోఫ్లుమిలాస్ట్ క్రీములకు అనుమతి వచ్చింది.

ఎంత రాయాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పెద్దవారి చూపుడువేలి కొన నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. నాలుగు అరచేతులంత జబ్బుంటే పూటకు ఒక గ్రాము, రోజుకోసారి చొప్పున రెండు వారాలకు 14 గ్రాములు. అంటే 15 గ్రాముల ట్యూబు రెండు వారాల్లో దాదాపు అయిపోవాలి. అదే ట్యూబు రెండు నెలలు వచ్చిందంటే, మందు పనిచేయలేదనే ముందు మందు సరిపడా రాశామా అని చూసుకోవాలి.

పొలుసులు దట్టంగా ఉంటే మందు లోపలికి దిగదు. సాలిసిలిక్ ఆమ్లం వాటిని మెత్తబరుస్తుంది. తలకైతే రాత్రి కొబ్బరి నూనె పట్టించి నానబెట్టి, ఉదయం మెల్లగా కడిగి, ఆ తర్వాత మందు ద్రవాన్ని వెంట్రుకలకు కాక చర్మానికి చేరేలా పాయలు తీసి రాయాలి. దువ్వెనతో గీరితే ఆ గాయాల్లోనే కొత్త మచ్చలు లేస్తాయి. అరికాలికి రాత్రి మందు రాసి నూలు మేజోళ్లు తొడుక్కుంటే మందు దుప్పటికి అంటకుండా నిలుస్తుంది.

వీటన్నిటి కింద పునాది తేమ. స్నానం కాగానే ఒళ్లు పొడిపొడిగా తుడవకుండా తడి ఉండగానే వాజలీనో కొబ్బరి నూనెనో వైద్యుడు చెప్పిన మాయిశ్చరైజరో రాయాలి. ఇది మచ్చలు లేని రోజుల్లోనూ మానకూడదు. ఒక జాగ్రత్త: వాజలీన్ వంటివి ఇంకిన బట్టకు నిప్పంటుకుంటే వేగంగా మండుతుంది. ఆ బట్టలతో గ్యాస్ పొయ్యి దగ్గరకు, దీపం దగ్గరకు వెళ్లవద్దు.

పూత మందు చాలనప్పుడు

పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోవడం, వేళ్లు వాయడం, గోళ్లలో గుంటలు కనిపిస్తే కీళ్ల సోరియాసిస్ మొదలవుతుండవచ్చు. దాన్ని పూత మందు ఆపలేదు, ఆలస్యమైతే కీళ్లు దెబ్బతింటాయి. ఒళ్లంతా ఎర్రబడినా, జ్వరంతో చీముపొక్కులు వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గొంతు నొప్పి, మద్యం, పొగ, మనోవ్యథ, కొన్ని రక్తపోటు మందులు జబ్బును రేపుతాయి. వాడుతున్న మందులన్నీ వైద్యుడికి చెప్పండి, వాటిని మీరుగా మాత్రం మానవద్దు.

చీటీ తీసుకుని లేచేముందు నాలుగు ప్రశ్నలు తప్పక అడగండి: ఈ మందు ఏ భాగానికి? రోజుకు ఎంత? ఎన్నాళ్లు? తగ్గాక ఎలా తగ్గించుకురావాలి? జవాబులు ఆ చీటీ మీదే రాయించుకోండి. ఏళ్ల తరబడి సాగే జబ్బులో వైద్యుడిది నెలకో పది నిమిషాల పని, మిగతాదంతా రోగి చేతుల్లోది. ఆ చేతులకు సరైన సమాచారం అందించడం కూడా చికిత్సలో భాగమే.