పేరు మారితే చాలదు, తీగ మారాలి

కరువు సీమగా పేరుపడిన అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వర్షం సగటున 550 మిల్లీమీటర్ల వరకే. వేరుశనగ చేతికి రాని ఏళ్ళలో ఇక్కడి కుటుంబాలు బ్రతుకుతెరువు వెతుక్కుంటూ బెంగుళూరుకో, గల్ఫ్ దేశాలకో దారి పట్టడం ఎన్నాళ్ళుగానో సాగుతున్నదే. తండ్రి కువైట్‌లోనో, రియాద్‌లోనో ఉంటాడు. కదిరిలోనో, హిందూపురంలోనో పిల్లల చదువు, అత్తమామల మందులు, ఇంటి అప్పులు అన్నీ తల్లి చూసుకుంటుంది. ఈ రెండు చోట్లనూ ఒకే కుటుంబంగా కలిపి ఉంచే పని ఒకప్పుడు ఉత్తరాలు చేసేవి. ఇప్పుడు గోడకు తగిలించిన చిన్న ఇంటర్నెట్ పెట్టె చేస్తున్నది.

ఆ పెట్టె సరిగా పనిచేయని ఇంట్లో ఏమవుతుందో అనుభవించిన వారికే తెలుస్తుంది. ఆయన అడిగిన ప్రశ్న రెండు మూడు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈలోగా ఆమె మరో మాట ఎత్తుకుంటుంది. ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. "నేను చెప్పేది వినడం లేదు" అని ఆయన, "మీరు మధ్యలో కోసేస్తున్నారు" అని ఈమె. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషికీ, పొద్దుటి నుండి ఇంటిపనితో అలసిన మనిషికీ నడుమ మనస్తాపం మొదలవుతుంది. తప్పు ఇద్దరిదీ కాదు, తీగది.

ఇలాంటి పరిస్థితిలో చాలామంది చేసే మొదటి పని కోపంతో పాత కనెక్షన్ తీసేయించి, వీధి చివర బ్యానర్ కట్టిన కొత్త కంపెనీకి ఏడాది చందా ఒకేసారి కట్టేయడం. నెల తిరిగేసరికి అదే ఆలస్యం మళ్ళీ మొదలవుతుంది. కనుక మార్చే ముందు లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం అవసరం.

ముందుగా దూరం మీద వేసే నిందను తొలగిద్దాం. "కువైట్ అంత దూరం కదా, ఆలస్యం కాకపోతే ఎలా?" అని అనేవారున్నారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అనంతపురం నుండి కువైట్ నేరుగా సుమారు మూడున్నర వేల కిలోమీటర్లు. సముద్రగర్భపు తీగలు చుట్టు తిరిగి రెట్టింపు దూరం పోయినా, మాట చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు, అంటే సెకనులో సుమారు ఏడో వంతు సమయం దాటకుంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం చెబుతుంది. అందువలన రెండు సెకన్ల ఆలస్యానికి అరేబియా సముద్రం కారణం కాదు. కారణం ఎక్కువగా మన ఇంట్లోనో, మన వీధిలోనో ఉంటుంది.

ఇంట్లోది పరీక్షించడం సులువు. ఈ ప్రాంతంలోని పాత మిద్దెల గోడలు రాతివి, మందమైనవి. వేసవిలో చల్లదనమిచ్చే ఆ గోడలే వైఫై తరంగాలను అడ్డుకుంటాయి. ముందు గదిలో పెట్టె, వెనుక వంటింట్లో ఫోను, మధ్యలో రెండు రాతి గోడలు ఉంటే ఏ కంపెనీ అయినా విఫలమే. ఫోనును పెట్టె పక్కకే తీసుకువెళ్ళి మాట్లాడి చూడండి. అక్కడ బాగుంటే మార్చవలసింది కంపెనీని కాదు, పెట్టె ఉన్న చోటును. పొడవైన వైరు వేయించి పెట్టెను నడిమింట్లోకి తెప్పించుకోవడానికి కొద్దిపాటి ఖర్చే అవుతుంది.

పెట్టె పక్కన కూడా మాట తెగుతుంటే రెండో పరీక్ష చేయండి. ఫజ్ర్ నమాజు తరువాత ఒకసారి, ఇషా తరువాత ఒకసారి, వరుసగా నాలుగైదు రోజులు వేగాన్ని కొలిచి కాగితం మీద వ్రాసుకోండి. వీధిలోని ముప్పై రెండో, అరవై నాలుగో ఇళ్ళు ఒకే గాజు పోగును పంచుకుంటాయి. ఆ పైన ఊరి ఆపరేటర్ కొనుక్కున్న మొత్తం సామర్థ్యాన్ని ఊరంతా పంచుకుంటుంది. రాత్రి తొమ్మిది నుండి పదకొండు వరకు అందరూ సినిమాలు, క్రికెట్ చూసే వేళ. కువైట్, రియాద్ మనకంటే రెండున్నర గంటలు వెనుక కనుక అక్కడ డ్యూటీ ముగిసి ఫోను వచ్చేదీ సరిగ్గా అప్పుడే. ఇలా మన ఇళ్ళకు అత్యంత అవసరమైన గంట, వీధికంతటికీ అత్యంత రద్దీ అయిన గంట ఒక్కటే అవుతున్నాయి. ఉదయం బాగుండి రాత్రి పాడైతే అది రద్దీ లోపం. మన ఇంటి వైరును ఎన్నిసార్లు సరిచేసినా అది తీరదు.

ఏ వేళనైనా పాడుగానే ఉంటే, లేదా పెట్టె మీద ఎర్ర లైటు తరచుగా వెలుగుతుంటే, తీగలోనో జాయింటులోనో లోపమున్నట్లు. రిపేరుకు వచ్చిన కుర్రవాడి దగ్గర కాంతి బలాన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. అందులో అంకె ఎంత చూపుతున్నదో అడగండి. మైనస్ 15 నుండి మైనస్ 25 మధ్య ఉంటే సరే. మైనస్ 27 దాటితే పెట్టెకు చాలినంత వెలుతురు అందడం లేదని అర్థం. మేకుకు బిగించి వంచిన తీగ, ధూళి పట్టిన కనెక్టరు, రోడ్డు పనుల్లో తెగి అతికించిన జాయింటు సాధారణంగా ఇందుకు కారణాలు. వీటిని సరిచేయవచ్చు. సరిచేయమని అడిగే హక్కూ మనకున్నది.

మధ్యలో ఒక మాట. ఇంటి యజమాని దుబాయ్‌లోనో, షార్జాలోనో ఉండి వాట్సాప్ కాల్ అసలు కలవకపోతే అది మన బ్రాడ్‌బ్యాండ్ లోపం కాదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. అక్కడి వారు బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌లు వాడుకోవలసిందే. ఈ సంగతి తెలియక కనెక్షన్ మార్చినందువలన ప్రయోజనం లేదు.

ఇక మార్చడమే మేలని తేలిందనుకుందాం. ఇక్కడ మన రాష్ట్రపు ఫైబర్ చరిత్రను కొంత తెలుసుకోవాలి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడూ కలిపి ఇస్తామన్నది నాటి వాగ్దానం. భూమి తవ్వి తీగ వేస్తే ఖర్చూ కాలమూ ఎక్కువ కనుక, కరెంటు స్తంభాల మీదుగానే 20 వేల కిలోమీటర్లకు పైబడి తీగ లాగారు. మారుమూల పల్లెలకు ఫైబర్ అంత త్వరగా చేరడానికి కారణం అదే. గాలివానకు స్తంభం ఒరిగినా, విద్యుత్తు సిబ్బంది స్తంభం మార్చినా ఇంటర్నెట్ తెగడానికి కారణమూ అదే. తక్కువ ఖర్చుతో వచ్చిన మేలుకు ఇది మనం చెల్లిస్తున్న మూల్యం.

ఆ తీగ నుండి మన గడపకు చేర్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ సేవ కూడా చాలా చోట్ల స్థానిక భాగస్వాముల ద్వారానే అందుతున్నది. చిన్న పట్టణాలలో ఒకే ఆపరేటర్ రెండు మూడు కంపెనీల కనెక్షన్లు ఇవ్వడం మామూలే. ఇక్కడే అసలు చిక్కు. బిల్లు మీద పేరు మారుతుంది, పెట్టె మారుతుంది. కానీ అదే స్తంభం, అదే జాయింటు, రిపేరుకు అదే కుర్రవాడు. అటువంటప్పుడు మారినది పేరు మాత్రమే.

కనుక కొత్తవారిని ధర అడిగే ముందు ఇలా అడగండి: "భాయ్, మా ఇంటికి వచ్చే ఫైబర్ ఇప్పుడున్న లైను నుండే ఇస్తారా, వేరే లైను లాగుతారా? తెగితే ఎవరు వస్తారు?" ఆ కంపెనీ కనెక్షన్ ఇప్పటికే ఉన్న పొరుగింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదిన్నరకు ఎలా ఉంటుందో కనుక్కోండి. పొరుగింటి ఆపా చెప్పే మాట ప్రకటనల కంటే నమ్మదగినది.

స్తంభాల బెడద లేని మార్గం ఒకటి 2023 నుండి అందుబాటులోకి వచ్చింది. జియో, ఎయిర్‌టెల్ సంస్థలు ఎయిర్‌ఫైబర్ పేరుతో 5జీ టవరు నుండి గాలిలోనే ఇంటికి ఇంటర్నెట్ ఇస్తున్నాయి. మన పీఠభూమిలా ఎత్తైన భవనాలు తక్కువగా ఉన్న బయలు ప్రదేశాలకు ఇది బాగానే నప్పుతుంది. కానీ టవరు దూరమైతే, అడ్డంగా కొండ ఉంటే ప్రయోజనం తక్కువ. పైగా అదే టవరును ఊరిలోని ఫోన్లన్నీ వాడుకుంటాయి కనుక రాత్రి రద్దీ ఇక్కడా ఉండవచ్చు.

మార్చే క్రమంలో అతి ముఖ్యమైనది, కొత్తది పనిచేసేవరకు పాతదాన్ని తీయించకపోవడం. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం దేశమంతటా 2011 జనవరి నుండి ఉన్నది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు అలాంటి సౌకర్యం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 2024 సెప్టెంబరు 12 నుండి కొత్త విధానం వచ్చింది. వినియోగదారు కొత్త కంపెనీకి చెబితే చాలు, పాత కంపెనీతో వ్యవహారమంతా అదే చూసుకుంటుంది. ఇక్కడ ఆ వ్యవహారం మనమే చూసుకోవాలి. కొత్త కనెక్షన్‌కు డబ్బు కట్టాక ఏడు రోజులలోపు 98 శాతం మందికి సేవ ప్రారంభించాలని 2024 అక్టోబరు నుండి అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనలు చెబుతున్నాయి. మన ఇల్లు మిగిలిన రెండు శాతంలో పడదని హామీ ఏదీ లేదు. పిల్లవాడి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల గడువు దగ్గరలో ఉన్నప్పుడు ఉన్న తీగను కోసేయడం వివేకం కాదు. ఒక నెల రెండు బిల్లులు కట్టడం భారమే అయినా, ఆ ఒక్క నెలకే. అలాగే కొత్తవారికి మొదట నెల చందాయే కట్టండి. ఏడాది ప్యాకేజీలో దొరికే రెండు నెలల ఉచితం చూసి, పరీక్షించని తీగకు ఏడాది డబ్బు అప్పగించకండి.

గల్ఫ్ కుటుంబాలకు మాత్రమే ఎదురయ్యే చిక్కు మరొకటి ఉన్నది. చాలా ఇళ్ళలో కనెక్షన్ ఆయన పేరు మీద, ఆయన ఫోను నంబరు మీద ఉంటుంది. ఫిర్యాదు చేయాలన్నా, మూసివేయించాలన్నా ఓటీపీ ఆ నంబరుకే పోతుంది. ఆ సిమ్ కువైట్‌లో ఆయన పెట్టెలో మూలన పడి ఉంటుంది, రీచార్జ్ లేక నిలిచిపోయి ఉండనూవచ్చు. ఆయన సెలవుపై ఇంటికి వచ్చినప్పుడే నమోదైన నంబరును ఇంటి ఇల్లాలి నంబరుకు మార్పించండి. కొత్త కనెక్షనైతే మొదటి నుండీ ఆమె పేరు మీదే తీసుకోండి. ఇంటి బాధ్యతంతా మోసే వ్యక్తికి ఇంటి ఇంటర్నెట్ మీద ఫిర్యాదు చేసే అధికారం లేకపోవడం విడ్డూరం.

పాత కంపెనీ రిపేరు చేయక, మూసివేయక కాలయాపన చేస్తుంటే నోటిమాటతో సరిపెట్టకండి. కంపెనీ కాల్ సెంటరులో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు వ్రాసుకోండి. మూడు రోజులు దాటి రిపేరు జరిగితే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలని కొత్త నిబంధనలలో ఉన్నది. అడగనివారికి అది అందకపోవచ్చు, అడగండి. పరిష్కారం తృప్తికరంగా లేకుంటే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. 39 రోజులలో తేల్చడం వారి బాధ్యత. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉన్నది. టెలికాం తగాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉండే వ్యాజ్యాలకు జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. ఇషా తరువాత వేగం కొలిచి కాగితం మీద వ్రాసుకున్న అంకెలు అక్కడ సాక్ష్యంగా ఉపకరిస్తాయి.

మన వైపు లెక్క కూడా సరిగా ఉండాలి. వారు ఇచ్చిన పెట్టె చాలా కనెక్షన్లలో మన సొత్తు కాదు, మన దగ్గర ఉన్న అమానత్. సేవ బాగాలేదన్న కోపంతో దానిని అట్టిపెట్టుకోవడం గానీ, వాడుకున్న నెల బిల్లు ఎగవేయడం గానీ తగదు. అలా చేస్తే డిపాజిట్ అడిగే హక్కును మనమే బలహీనపరచుకున్నవారమవుతాము. పెట్టె, అడాప్టరు అప్పగించేటప్పుడు పెట్టె వెనుక ఉన్న సీరియల్ నంబరుతో సహా రసీదు వ్రాయించుకోండి. వచ్చినది ఎరిగిన కుర్రవాడే, మన వీధివాడే కావచ్చు. అయినా రసీదు అడగడానికి మొహమాటపడనవసరం లేదు. రేపు కంపెనీ అడిగితే అది అతనికీ రక్షణే.

చివరిగా, పాత తీగ. కనెక్షన్ మూసివేశాక దానిని ఎవరూ తీయరు. అది పిట్టగోడ నుండి కరెంటు స్తంభం దాకా అలాగే వ్రేలాడుతూ ఉంటుంది. ఫైబర్ గాజుదే అయినా, బరువు మోయడానికి పక్కన ఉక్కు తీగ చేర్చినవి చాలా ఉంటాయి. ఆషాఢ గాలులకు అది తెగి కరెంటు తీగ మీద పడితే ప్రమాదం. మిద్దె మీద ఆడుకునే పిల్లలను దాని దగ్గరకు పోనివ్వకండి, మీరూ లాగకండి. పెట్టె తీసుకువెళ్ళడానికి వచ్చిన రోజునే స్తంభం వరకు తీగను కూడా దించి చుట్టి తీసుకువెళ్ళమని చెప్పి, ఆ పని అయ్యాకే బాకీ చేతికివ్వండి.