పాత బండి కొనేముందు కాగితం చదవాలి

మిర్చి కోతలు దగ్గర పడేసరికి నకరికల్లు మండలంలో పాత బండ్ల బేరాలు జోరందుకుంటాయి. అడ్డరోడ్డు మీద టీ బంకుల కాడ కూర్చుంటే పంట ధర తర్వాత ఎక్కువగా వినపడే మాట ఇదే. "రెండున్నరకి ఇస్తానంటున్నాడన్నా. టాటా ఏస్. ఇంజను గట్టిగానే వుంది. తీసుకోమంటావా?" అని అడుగుతారు. అడిగేది పెద్ద రైతు కాదు. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు చేసే మనిషి. లేదా ఇరవై మంది ఆడకూలీలను పనికి తీసుకుపోయే ముఠా మేస్త్రీ. లేదా కిరాయిలు తోలుకుని బతుకుదామనుకునే కుర్రవాడు.

ఈ కోరికను తప్పు పట్టడానికి లేదు. ఎద్దుబండి పోయింది. దాని స్థానంలో ఏదో ఒకటి వుండాలి. ఎరువు కట్టలు తెచ్చుకోవాలి, టిక్కీలు గుంటూరు యార్డుకు తోలాలి, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే నరసరావుపేట ఆసుపత్రికి పోవాలి, శివరాత్రికి పిల్లాజెల్లాతో కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాలి. అన్నిటికీ ఒకే బండి. కొత్తది కొనే స్తోమత లేదు గనుక పాతది. ఇంతవరకు సబబే.

చిక్కు ఎక్కడంటే, కొనేది సరుకు బండి, ఎక్కించేది మనుషుల్ని. ఈ తేడా బేరం చేసేవాడికి పట్టదు, అమ్మేవాడు చెప్పడు. బండి తిరగబడిన రోజున మాత్రం బీమా కంపెనీ వకీలు కోర్టులో మొట్టమొదట చెప్పేది ఇదే. అందుకని ఇంజను సంగతి కంటే ముందు మిగతా నాలుగు సంగతులు మాట్లాడుకుందాం.

ముందు పని, తర్వాత బండి

సంవత్సరంలో బండితో ఏ పని ఎన్ని రోజులు వుంటుందో ఒక కాగితం మీద రాసుకోండి. సరుకు ఎన్ని రోజులు, మనుషులు ఎన్ని రోజులు, ఎంత దూరం.

2005లో వచ్చిన టాటా ఏస్‌ను మనవాళ్లు చిన్న ఏనుగు అంటారు. పేరుకు ఏనుగైనా అది మోసేది ముప్పావు టన్ను. నలభై అయిదు కిలోల టిక్కీలైతే పదహారు. ఊళ్లో నుంచి అడ్డరోడ్డుకు, పొలం నుంచి కల్లానికి అది చాలు. టిక్కీలు తేలిగ్గా వుంటాయి, ఎత్తుగా పేర్చవచ్చు గదా అని ముప్పై వేసి గుంటూరు పంపితే బ్రేకులు ఆగవు, మలుపులో బండి నిలవదు. దూరం తోలేవాడు బొలెరో పికప్‌నో, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌నో చూసుకోవాలి. అవి టన్నుంపావు, కొన్ని ఆపైన మోస్తాయి. నూనె ఖర్చు, టైర్ల ఖర్చు కూడా ఆ మేరకే పెరుగుతాయి. సరుకుతో సహా మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి చట్టప్రకారం పర్మిట్టు అక్కరలేదు. దాటితే కావాలి. ఆ అంకె ఆర్‌సి మీదనే వుంటుంది, చూసుకోవాలి.

ఇంటిల్లిపాదీ తిరగడమే ముఖ్యమైతే సరుకు బండి జోలికి పోనక్కరలేదు. సరుకు, మనుషులు రెండూ కావాలంటే వెనక వరస సీట్లు, దాని వెనక చిన్న తొట్టి వున్న క్యాంపర్ లాంటివి వున్నాయి. అయితే సీటు వుంది గదా అని బీమా వున్నట్టే అనుకోరాదు. ఆ సీట్లలో కూర్చునేవారికి ప్రీమియం కట్టినట్టు పాలసీ మీద విడిగా రాయించుకోవాలి.

రాసుకున్న లెక్కలో ఏడాదికి పాతిక, ముప్పై రోజులకు మించి పని కనపడకపోతే బండి కొనవద్దు. కిరాయికి పిలుచుకోవడమే లాభం.

కాగితాలు

ఎద్దును కొనేటప్పుడు మన పెద్దలు పళ్లు పట్టి చూసేవారు, సుడులు చూసేవారు, గిట్టలు తట్టేవారు, అరకకు కట్టి నాలుగు సాళ్లు తోలించేవారు. అంతా అయ్యాకనే తువ్వాలు కింద చేతులు కలిపేవారు. ఎద్దుకు కాగితాలు లేవు గనుక ఆ పరీక్ష సరిపోయింది. బండికి సగం ప్రాణం కాగితంలోనే వుంది.

మొదటిది, ఆర్‌సి ఎవరి పేరున వుంది? మన దగ్గర ఒకే బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది, ఆర్‌సి మాత్రం మొదటివాడి పేరునే వుండిపోతుంది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఒకరి నుంచి ఒకరికి పోతుంటాయి. "ఫారాలు వున్నాయిగా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అంటాడు బ్రోకరు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు ఏమన్నదో వినండి. చేతులు ఎన్ని మారినా, ప్రమాదం నాటికి ఆర్‌సి ఎవరి పేరున వుంటే పరిహారం బాధ్యత అతనిదే. కాబట్టి పేరు మార్పు కొన్నవాడికే కాదు, అమ్మినవాడికీ అవసరం. ఫారం 29, ఫారం 30 పూర్తిగా నింపి, తేదీ వేసి సంతకాలు చేయాలి. చట్టం అమ్మినవాడికి 14 రోజులు, కొన్నవాడికి 30 రోజులు గడువిచ్చింది.

రెండవది, ఆర్‌సి మీద ఫైనాన్సు పేరు. అప్పు తీరిందని నోటిమాట చెబితే చాలదు. అప్పిచ్చినవారు సంతకం చేసిన ఫారం 35, బాకీ లేదనే పత్రం చేతికి రావాలి. లేకపోతే మీరు డబ్బు కట్టిన బండిని మరొకరి బాకీ కింద పట్టుకుపోతారు.

మూడవది ఫిట్‌నెస్. సరుకు బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదేళ్ల బండి కొంటే ఏటా ఆ ఖర్చు, దాని ముందు రిపేర్ల ఖర్చు మీ నెత్తిన పడతాయి. ఇప్పుడే బాకీ వున్న ఫిట్‌నెస్‌ను బేరంలో తగ్గించి మాట్లాడండి.

నాలుగవది బీమా. బండి చేతులు మారిన 14 రోజుల్లోగా పాలసీ కూడా మీ పేరున మార్చమని రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే బండికి జరిగిన నష్టానికి మీరు అడిగే హక్కు వుండదు.

ఇవన్నీ పరివాహన్ వెబ్‌సైటులో, ఫోనులోని ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూడవచ్చు. ఫిట్‌నెస్ గడువు, బీమా గడువు కనపడతాయి. చలానాలు కూడా చూసుకోండి. ఇంట్లో ఇంటరు చదివే పిల్ల వుంటే పది నిమిషాల పని. ఆ పిల్లను బేరానికి వెంట తీసుకుపోండి.

లైసెన్సు గురించి ఒక మాట. కారు లైసెన్సుతో సరుకు బండి తోలితే బీమా రాదని చాలాకాలం భయపెట్టారు. 7,500 కిలోలకు మించని రవాణా బండిని తేలిక వాహనం లైసెన్సుతోనే తోలవచ్చని 2024 నవంబరు 6న సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అసలు లైసెన్సే లేని తమ్ముడికి తాళం ఇస్తే మాత్రం ఏ తీర్పూ కాపాడదు.

ఈ బండి ఇంతకాలం ఏం మోసింది?

ఇక బండి దగ్గరకు వద్దాం. మన పల్నాడులో బండిని చూసేముందు అడగాల్సిన ప్రశ్న ఇది. దాచేపల్లి, మాచర్ల వైపు నాపరాయి తోలిన బండి, పిడుగురాళ్లలో సున్నం బట్టీలకు తిరిగిన బండి పైకి రంగు వేసి నిగనిగలాడుతూ వుంటుంది. రాయి బరువుకు చాసిస్ వంగుతుంది, కమాన్ కట్టలు వాలుతాయి. ఎరువు కట్టలు మోసిన తొట్టి అడుగున తుప్పు తింటుంది. పాల క్యాన్లు, కూరగాయలు తోలిన బండి పాతదైనా ఎముక గట్టిగా వుంటుంది.

కిందకు దూరి చూడండి. చాసిస్‌కు వెల్డింగు అతుకులు వున్నాయా, చాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్‌సి నంబరుతో సరిపోయిందా చూడండి. టైరు ఒక పక్కే అరిగితే ఇరుసులోనో, చాసిస్‌లోనో వంకర వుందని అర్థం. మీటరు చూపే కిలోమీటర్లను నమ్మవద్దు, అది తిప్పడం ఎంతసేపు? క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగు అరుగుదల అబద్ధం చెప్పవు.

తెల్లవారి చల్లగా వున్నప్పుడు వెళ్లి మీ ముందే స్టార్టు చేయించండి. ముందే వేడి చేసి పెడితే మరొక రోజు వస్తామని చెప్పండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుతున్నది, రింగులు పోయాయి. తెల్ల పొగ ఆగకుండా వస్తే లోపలికి నీళ్లు పోతున్నాయేమో చూడాలి. నల్ల పొగ అయితే ఇంజెక్టరు, పంపు, గాలి ఫిల్టరు చూపించాలి. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే గాలి బుసకొట్టకూడదు. చివరగా, ఖాళీ బండిని రోడ్డు మీద తోలి సంబరపడవద్దు. పది బస్తాలు వేయించి మిట్ట ఎక్కించండి, దిగేటప్పుడు బ్రేకు చూడండి. అరకకు కట్టి చూడటమంటే ఇదే.

వడ్డీ లెక్క

బండి రెండున్నర లక్షలనుకుందాం. చేతిలో యాభై వేలు, మిగతా రెండు లక్షలు ఫైనాన్సు. "నూటికి పద్నాలుగే అన్నా, మూడేళ్లు" అంటాడు. ఏడాదికి 28,000 చొప్పున మూడేళ్లకు వడ్డీ 84,000. అసలుతో కలిపి 2,84,000. నెలకు 7,889.

నూటికి ఏడాదికి పద్నాలుగంటే నెలకు రూపాయి పదహారు పైసలని మీరు అనుకుంటారు. కాని నెలనెలా అసలు తీరుతూ వుంటే, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం రెండు లక్షల మీదనే వేశారు. సరిగ్గా లెక్కగడితే అది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో వడ్డీ వ్యాపారి అడిగేదీ అదే. ఏసీ గదిలో అడిగితే పద్నాలుగంటారు, అరుగు మీద అడిగితే రెండు రూపాయలంటారు. కాబట్టి "తగ్గే బాకీ మీద ఎంత శాతం?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

నెలవారీ కంతుతో అయిపోలేదు. 2022లో ప్రకటించిన రేటు ప్రకారం 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే, పన్ను కాకుండా, ఏడాదికి 16,049 రూపాయలు. అంటే నెలకు 1,340 దాకా. టైర్లకు, ఆయిలుకు, రిపేర్లకు నెలకు రెండు వేలు పక్కన పెట్టినా మొత్తం 11,200 దాటుతుంది. మిర్చి సీజనులో రోజూ కిరాయి దొరుకుతుంది. సీజను పోయాక నెలలో పది రోజులే దొరికితే, డీజిలు పోను రోజుకు 1,100 పైన మిగిలితేనే ఆ నెల గట్టెక్కుతుంది. అందులో తోలేవాడి కూలి లేదు.

తొట్టిలో మనుషులు

ఇప్పుడు అసలు సంగతి. కంతులు కట్టాలి గనుక తెల్లవారుజామున సరుకు తొట్టిలో ఇరవై మంది కూలీలను ఎక్కిస్తారు. కూలీలు ఎక్కుతారు, ఎందుకంటే ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. 2023 మే 17న మన దాచేపల్లి మండలం పొందుగల దగ్గర, దామరచర్ల వైపు నుంచి పనికి వస్తున్న కూలీల ఆటోను లారీ గుద్దింది. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిర్చి కోసి ఇంటికి మళ్లిన నలుగురు ఆడకూలీలు ట్రాక్టరు బోల్తాపడి చనిపోయారు. బండి ఏదైనా పోయినవాళ్లు కూలీలే.

సరుకు బండి ఎక్కిన ప్రయాణికులకు పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. 1994 సవరణ తర్వాత సరుకుతోపాటు వెళ్లే సరుకు యజమానికి, అతని మనిషికి చట్టం రక్షణ ఇస్తుంది. బండి మీద పనిచేసే డ్రైవరు, క్లీనరు, హమాలీల సంగతి వేరు. ఎందరికి ప్రీమియం కట్టారో పాలసీ మీద రాసి వుంటుంది, చదవాలి. పొలానికి పోయే కూలి సరుకు యజమానీ కాదు, బండి హమాలీ కాదు. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పాయి. అంటే చివరికి ఆ బరువు పడేది రెండెకరాల ఆసామి మీదనే. ఒక్క మలుపులో కూలీ కుటుంబం దిక్కులేనిదవుతుంది, బండి కొన్న కుటుంబం భూమి అమ్ముకుంటుంది. ఎవరి మిర్చి కోయడానికి ఈ ప్రయాణమంతా జరిగిందో ఆ పెద్ద ఆసామి పేరు మాత్రం ఏ కాగితంలోనూ వుండదు.

"మరి కూలీలు ఎట్లా పోవాలన్నా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు, మంచిదే. కాని కాలువ కట్ట వెంట పొలాలకు పోయే బస్సు ఏది? కోతల నాలుగు నెలలూ కూలీలు ఎక్కువగా కదిలే ఊళ్ల నుంచి తెల్లవారుజామున బస్సులు వేయమని పంచాయతీల నుంచి డిపోలకు అర్జీలు పెట్టించాలి. పనికి పిలిచే ఆసామి కూలితో కలపకుండా దారి ఖర్చు విడిగా ఇవ్వాలని, సీట్లున్న ప్రయాణికుల బండినే పెట్టాలని ముఠా కుదిరేటప్పుడే మాట్లాడాలి. ఒక్క మేస్త్రీ అడిగితే మరొక ముఠాను పిలుస్తారు. ఊరి ముఠాలన్నీ ఒకమాట మీద వుంటే పిలిచేవాడికి వేరే దారి లేదు.

ఈలోగా ఒక చిన్న పని. బ్యాంకు ఖాతా వున్న 18 నుంచి 70 ఏళ్ల వారెవరైనా ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా వుంది. అది న్యాయమైన పరిహారం కాదు, అయినా లేనిదానికంటే మేలు. ముఠాలో ప్రతి ఒక్కరి చేతా కట్టించండి. బండి తోలే యజమాని తన పేరున 15 లక్షల ప్రమాద బీమా పాలసీలో వుందో లేదో చూసుకోవాలి.

పాత బండి కొనవద్దని నేను చెప్పడం లేదు. బేరానికి పోయేటప్పుడు ఒక మెకానిక్కును, ఒక చదువరిని వెంట తీసుకుపోండి. పేరు మారేదాకా మొత్తం డబ్బు ఇవ్వవద్దు. తొట్టిలో సరుకే వేయండి. మనుషులను ఎక్కించమని ఆసామి ఒత్తిడి చేస్తే, ప్రయాణికుల బండి కిరాయి ఎవరు ఇస్తారో ముందు తేల్చమనండి.