ఆ ఒక్క రూపాయి నాణెం దొరకట్లేదా? కొనేముందు ఇవి చూడండి

కర్నూలు, కడప వైపు పూజగదుల్లో పాతకాలం వెండి రూపాయలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటితో సెట్ మొదలుపెట్టినవాళ్లకి చివర్లో చుక్కలు చూపించేది 1939 నాణెం. ఆరో జార్జ్ బొమ్మ, 91.7 శాతం వెండి. 1940లో వెండిని 50 శాతానికి తగ్గించేశారు. అంత వెండి ఉన్న ఆఖరి ఏడాది రూపాయి ఇదే. చాలా అరుదు కాబట్టి నకిలీలూ ఎక్కువే. ముందు బరువు చూడండి, 11.66 గ్రాములు ఉండాలి.

గ్రేడింగ్ అంటే?
పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు నాణెం అసలుదో కాదో తేల్చి, 70 పాయింట్ల స్కేల్‌పై గ్రేడ్ ఇచ్చి, ప్లాస్టిక్ కేసులో సీల్ చేస్తాయి. కేసుపై నంబర్‌ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. కేసులకీ నకిలీలున్నాయి మరి.

చింతపండుతో తోమొచ్చా?
అస్సలు వద్దు. మెరుపు వస్తుంది, గ్రేడ్ పోతుంది.

పొలంలో దొరికితే?
1878 నాటి చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే.

ఆర్‌బీఐ పేరుతో ఫోన్ వస్తే?
పాత నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, కమీషన్ అడగబోమని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే చెప్పింది. ఎవరడిగినా రూపాయి కూడా కట్టొద్దు.