నడుమ, మధ్య, సగం

గీదం బస్సు స్టాండులో నిలబడ్డారనుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ జిల్లాలోని ఊరది. జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ వెళ్ళే దారిలో వస్తుంది. దంతెవాడకు పోవాలంటే ఇక్కడే మలుపు తిరగాలి. ఈ ఊరెక్కడుందని అడిగితే మీరు "జగదల్‌పూర్‌కూ బీజాపూర్‌కూ మధ్య" అంటారు. "నడుమ" అన్నా తప్పులేదు. "సగం దారిలో" అంటే మాత్రం కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టవలసి వస్తుంది. సగం కొలతను చెప్పే మాట. మధ్యకు కొలతతో పనిలేదు. రెండు కొసల లోపల ఎక్కడున్నా చాలు. "పుస్తకం మధ్యలో ఆపేశాను" అన్నవాడు ఇరవయ్యో పుటలోనే ఆపి ఉండవచ్చు!

మధ్య, మధ్యలో - ఈ రెండూ ఒకటేనా? "అన్నదమ్ముల మధ్య తగాదా" అంటాం కాని "మధ్యలో తగాదా" అనం. "అన్నదమ్ముల మధ్యలో కూర్చున్నాడు" అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. 'లో' చేరగానే ఆ మాట ఒక చోటునో, ఒక సమయాన్నో కోరుతుంది. స్నేహం, తగాదా, ఒప్పందం వంటివి చోటులో ఉండవు కనుక వాటికి ఉత్త 'మధ్య' చాలు.

కాలానికి వచ్చేసరికి వింత కనిపిస్తుంది. "ఈ మధ్య" అంటే ఇటీవల. "ఆ మధ్య" అంటే కొంతకాలం క్రితం. అక్కడ దేనికి మధ్యో ఎవరూ అడగరు. తెలంగాణలో దీన్నే "ఈ నడుమ" అంటారు.

మధ్య సంస్కృతం నుంచి వచ్చిన మాట. మధ్యాహ్నం, మధ్యవర్తి, మధ్యస్థం దాని సంతానమే. నడుమ మన సొంత మాట. ఒంటికి మధ్యనున్నది నడుము. నడిరేయి, నడివయసు, నడిసముద్రం ఆ కుదురులోనివే. "రోడ్డు మధ్యలో నిలబడ్డాడు" అంటే లారీ వస్తుందని భయపడతాం. "నడిరోడ్డు మీద నిలబడ్డాడు" అంటే దిక్కులేనివాడయ్యాడని అర్థం చేసుకుంటాం. ఆ బరువు మధ్యకు రాలేదు.

నడుమను రెట్టిస్తే 'నట్టనడుమ' అవుతుంది. మొట్టమొదట, చిట్టచివర, పట్టపగలు ఇలా ఏర్పడినవే. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి ఇది ద్విరుక్త టకార సంధి అని తెలుసు. మధ్యకు ఈ వీలు లేదు. (మిట్టమధ్యాహ్నం కూడా ఈ వరుసలోదే అనిపిస్తుంది కాని, 'మిట్ట' అంటే ఎత్తు అనే అర్థం విడిగా ఉంది. తొందరపడవద్దు.)

తెలంగాణ పల్లెల్లో ముగ్గురు అన్నదమ్ములుంటే పెద్ద, నడిపి, చిన్న. ఆ ఇంటి పిల్లవాడు తరగతిలో "నడిమిట్ల" అంటే పక్కవాళ్ళు నవ్వుతారు. వ్యాసంలో రాస్తే ఎర్రగీత పడుతుంది, పైన 'మధ్యలో' అని దిద్దుబాటు. పాఠ్యపుస్తకపు భాషలో రాయడం నేర్పాలి, నిజమే. కాని ఆ ఎర్రగీత ఆ మాటను తప్పుగా చూపిస్తోంది. తమిళంలోనూ కన్నడంలోనూ మధ్యకు మాట 'నడు'. గోండిలోనూ 'నడుం' వంటి మాటే ఉంది. అంటే నవ్వించుకున్న ఆ మాట, తెలుగు వేరే భాషగా నిలబడక ముందునుంచీ ఉన్న ద్రావిడ ధాతువు మీద పుట్టింది.

అందుకే మిమ్మల్ని గీదం దాకా తీసుకువచ్చాను. ఈ ప్రాంతంలో గోండి, హల్బీ రెండూ వినిపిస్తాయి. హల్బీ హిందీ వైపు చుట్టం, గోండి మన వైపు చుట్టం. గీదానికి దగ్గరలోని బార్సూరులో ఛిందక నాగరాజుల కాలపు తెలుగు శాసనం, 11వ శతాబ్దానిది, దొరికింది. ఈసారి సంతలో ఎవరైనా గోండిలో మాట్లాడుకుంటుంటే కాసేపు చెవి ఒగ్గండి. ఎక్కువ భాగం అర్థం కాకపోవచ్చు. నడుమ నడుమ ఒక్కో మాట మాత్రం ఎక్కడో విన్నట్లే ఉంటుంది.