వంటింటి గడియారం, సైకిలు సాధన



ఈమధ్య మన ఇళ్ళలో ఆడవాళ్ళు మళ్ళీ సైకిలు ఎక్కుతున్నారు. షుగరు అంచుల్లో వుందని డాక్టరుగారు హెచ్చరించడం వల్ల కావచ్చు, బజారుదాకా నడిస్తేనే ఆయాసం రావడం వల్ల కావచ్చు, అబ్బాయి స్కూటరు కొనుక్కుని పాత సైకిలు ఇంట్లో వదిలెయ్యడం వల్ల కావచ్చు. మొదటి నాలుగు రోజులు ఉత్సాహంగానే సాగుతుంది. ఐదో రోజు చుట్టాలొస్తారు. ఆరో రోజు పిల్లకి జ్వరం. ఏడో రోజు "ఇంక వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొదలుపెడదాంలే" అనుకుంటాం. ఆ తర్వాత సైకిలు హ్యాండిలు మీద తడి తువ్వాళ్ళు ఆరుతుంటాయి.

"తీరిక లేదండీ" అంటారు అడిగితే. నిజమే, లేదు. మనం ఎంత తొందరగా పని ముగించుకున్నా ఆ మిగిలిన కాస్తలోకి ఇంకో పని వచ్చి కూచుంటుంది. అందుచేత మిగిలిన వేళలో చేద్దామనుకున్నది ఏదీ సాగదు. బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టడానికి తీరిక దొరికిందా అని మనం ఎప్పుడైనా చూసుకున్నామా? దానికొక వేళ వుంది, అంతే. సైకిలుకీ అలాంటి వేళ ఒకటి వుండాలి. ఆ వేళ తప్పిపోయిన రోజున ఏం చెయ్యాలో కూడా ముందే అనుకుని పెట్టుకోవాలి. ఈవేళ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ రెండు సంగతులే.

ముందు అసలు క్రమం తప్పకుండా ఎందుకు చెయ్యాలి, ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు తొక్కేస్తే సరిపోదా అన్న ప్రశ్న చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. ఆ నిమిషాలన్నీ ఒక్క ఆదివారమే ఖర్చుపెట్టినా ఏమీ చెయ్యనిదానికంటే మేలే. కాని షుగరు సంగతి వేరు. మనం పెడలు తొక్కుతున్నప్పుడు తొడల్లోని కండరాలు రక్తంలో వున్న చక్కెరను తీసుకుని వాడుకుంటాయి. దిగిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులపాటు ఆ కండరాలు ఇన్సులిన్ చెప్పినమాట బాగా వింటాయి. ఆ తర్వాత మళ్ళీ మొండికేస్తాయి. అందుకనే మధుమేహం వున్నవాళ్ళు వరసగా రెండు రోజులకి మించి వ్యాయామం మానవద్దని అమెరికాలోని మధుమేహ సంఘం వారు చెబుతారు.

దమ్ము విషయమూ ఇంచుమించు అంతే. కొత్తగా మొదలుపెట్టిన మనిషికి మొదటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం కొంత పెరుగుతుంది. గుండె ఒక్కొక్కసారి కొట్టుకున్నప్పుడు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. ఎక్కినప్పుడల్లా వచ్చే రొప్పు తగ్గుతుంది. రెండు మూడు వారాలు పూర్తిగా మానేశామంటే ఈ సంపాదనలో చాలాభాగం కరిగిపోతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున మొదలుపెట్టే ఇల్లాలు ప్రతి నెలా ఆ మొదటి మెట్టు దగ్గరే నిలబడి వుంటుంది పాపం. ఆమెకి దక్కేది రొప్పు ఒక్కటే. హాయి రాకముందే నెల అయిపోతుంది. హాయి లేని పనిని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు చేస్తారు?

ఇక వేళ సంగతి. మాది ధూల్‌పేట్. ఒకవైపు మంగళ్‌హాట్, ఒకవైపు కార్వాన్, కిందికి దిగితే పురానాపూల్. గల్లీలు ఇరుకు, మనుషులు ఎక్కువ. మా గల్లీలో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తాయి. నల్లా వచ్చే పూట ఏ ఇల్లాలూ బిందెలు వదిలి గడప దాటదు, దాటనక్కరలేదు కూడా. కనక మాకు లెక్క సులువైపోయింది. నల్లా రాని రోజు సైకిలు రోజు. ఒక వారం మూడు రోజులు పడితే ఇంకో వారం నాలుగు పడతాయి. పైన చెప్పిన రెండు రోజుల నియమం కూడా దానంతటదే నెరవేరుతుంది. వారాల పేర్లు పెట్టుకుని తొక్కుదామంటే మా వైపు కుదరదు. గురువారం జుమేరాత్ బజారు జరుగుతుంది. రోడ్డు పక్కన పాత సామాన్లు పరిచేశాక సైకిలు నడిపించుకుంటూ పోవలసిందే. సైకిలు రోజు గురువారం పడితే ఆ పూట అటు పోకుండా కార్వాన్ వైపు తిరగాలి.

మీ ఇంట్లో నల్లా రోజూ రావచ్చు, లేదా ట్యాంకు వుండవచ్చు. అప్పుడు ఇంకేదైనా కట్టుగొయ్య వెతుక్కోండి. పాలు కాచి దించగానే, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించగానే, అలా ఎలాగూ జరిగి తీరే పని వెంట సైకిలును ముడివెయ్యాలి. "పొద్దున్నే వెళ్తాను" అంటే ఎన్నింటికైనా పొద్దున్నే అవుతుంది. "పాలు దించి, స్టవ్ ఆపి, తాళంచెవి తీసుకుని కిందికి దిగుతాను" అంటే మనసు బేరాలాడటానికి చోటు తక్కువ.

ఇది నా మాట కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ రోజూ ఒక నిర్ణీతమైన పని వెంట ఒక కొత్త అలవాటు చేసుకొమ్మని చెప్పి గమనించారు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. ఆలోచించకుండా చెయ్యి దానంతటదే కదిలే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే. లెక్క కడితే 254 రోజులదాకా పట్టేవాళ్ళూ వున్నారు. ఒక గ్లాసు నీళ్ళు తాగడంలాంటివి త్వరగా పట్టుబడ్డాయి, వ్యాయామాలు ఆలస్యంగా వచ్చాయి. కాబట్టి 21 రోజుల్లో అలవాటైపోతుందని ఎవరైనా చెబితే నమ్మి, ఇరవైరెండో రోజున బద్ధకంగా వుంటే తన తప్పే అనుకోనక్కరలేదు. ఆ పరిశీలనలో ఇంకో ముక్క మనకి మరీ పనికొస్తుంది. మధ్యలో ఒకరోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. మనం నోములూ వ్రతాలూ చేసే వాళ్ళం కదా, ఒకరోజు తప్పితే మొత్తం భంగమైపోయిందన్న భావం మనలో గట్టిగా వుంటుంది. వ్రతానికి అది సరే. సైకిలుకి ఆ ఉద్యాపనలేమీ లేవు. తప్పిన రోజు తప్పింది, తర్వాతి సైకిలు రోజున ఎక్కడమే.

ఇక్కడ ఒక ఇల్లాలి సంగతి చెప్పాలి. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన బెరిల్ బర్టన్ 1937లో పుట్టింది. చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చి నెలల తరబడి ఆస్పత్రిలో వుంది. ఒంటికి శ్రమ ఇవ్వవద్దని డాక్టర్లు చెప్పారు. పెళ్ళయ్యాక భర్త చార్లీ ఆమెకి సైకిలు అలవాటు చేశాడు. 1956లో కూతురు పుట్టింది. ఆ తర్వాతే ఆమె అసలు సాధన సాగింది. జీతం తీసుకుని పందేలు ఆడిన మనిషి కాదు. రూబార్బ్ అనే పుల్లని కాడలు పండించే తోటలో కూలిపని చేసేది. ఒళ్ళు వంచి బరువులెత్తే పని. ఆ పని, ఇల్లు, పిల్ల, వాటి చుట్టూనే సైకిలు. రెండుసార్లు రోడ్డు పందెంలో, ఐదుసార్లు ట్రాకు మీద, మొత్తం ఏడుసార్లు ప్రపంచ విజేత అయింది. 1967లో పన్నెండు గంటల పందెంలో 277.25 మైళ్ళు, అంటే సుమారు 446 కిలోమీటర్లు తొక్కింది. అప్పటికి మగవాళ్ళ రికార్డు కూడా అంత లేదు. ఆ పందెంలో మగవాళ్ళలో అందరికన్నా ముందున్నాయన్ని దాటుతూ, సంచిలోంచి ఒక మిఠాయి బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టి పోయిందట! ఆడవాళ్ళలో ఆ రికార్డు 2017 దాకా ఎవరూ దాటలేదు.

అందరూ ఆ మిఠాయి కథే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంకో సంగతి పెద్దదనిపిస్తుంది. బ్రిటన్‌లో ఏడాది మొత్తం మీద అన్ని దూరాల్లోనూ మేలైన మహిళా సైకిలిస్టుకిచ్చే బహుమతి ఆమె 1959 నుంచి 1983 దాకా వరసగా 25 సంవత్సరాలు గెలుచుకుంది. పాతికేళ్ళలో ఆ ఇంట్లో ఎన్ని జ్వరాలు వచ్చి వుంటాయి, ఎంత మంచు కురిసి వుంటుంది! చార్లీ సైకిళ్ళు బాగుచేస్తూ, పిల్లను చూసుకుంటూ పక్కన వుండబట్టి అది సాగింది. ఈ మాట మన ఇళ్ళలో మగవాళ్ళ చెవిన కూడా పడాలి. సైకిలు రోజున పాలు కాచేది ఎవరో, టిఫిను డబ్బాలు మూతపెట్టేది ఎవరో ముందురోజు రాత్రే తేల్చుకోవాలి. పొద్దున్న తేల్చుకుందామంటే అది మనమే అవుతాం.

ఎంతసేపు తొక్కాలి? మొదటి రెండు వారాలు పావుగంట చాలు. తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ నలభై, నలభైఐదు నిమిషాలకి వెళ్ళండి. ఎంత వేగం అంటే, పక్కనవాళ్ళతో మాట్లాడగలగాలి కాని పాట పాడలేకపోవాలి. ఓ మోస్తరు వ్యాయామానికి గుర్తు అదే, మీటర్లేమీ అక్కరలేదు. రెండు నెలలు గడిచాక, వారంలో ఒకరోజు మాత్రం రెండు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు తీరిగ్గా, అలా నాలుగైదుసార్లు తొక్కితే దమ్ము బాగా పెరుగుతుంది. రోజూ గట్టిగా తొక్కడం మాత్రం వద్దు. కాళ్ళు పట్టేస్తాయి, మర్నాడు ఎక్కబుద్ధి కాదు. మాకు కార్వాన్ మీదుగా, 1671లో కట్టిన టోలీ మసీదు ముందునుంచి లంగర్‌హౌజ్ దాకా వెళ్ళి వస్తే సుమారు పది కిలోమీటర్లు అవుతుంది. ఓపిక వున్న ఆదివారం గోల్కొండ కోటదాకా పోవచ్చు.

ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సైకిలు దారి చాలా బాగుంటుంది. పైన సౌర ఫలకాల కప్పు, కింద సాఫీ బాట, ప్రారంభించినప్పుడు రెండు ముక్కలు కలిపి 23 కిలోమీటర్లు. కాని అది నానక్‌రాంగూడ, నార్సింగి వైపు. పాతబస్తీ ఇల్లాలు దాన్ని నమ్ముకుంటే సాధన పండగ పూటల్లోనే సాగుతుంది. నెలకోసారి పిల్లలతో వెళ్ళి సరదాపడండి. రోజువారీ దారి మాత్రం గడప ముందు మొదలవ్వాలి.

అసలు కుదరని రోజులకి ఒక చిన్న పాఠం పెట్టుకోండి. పది నిమిషాలు, పెద్ద రోడ్డుదాకా పోయి రావడం. పాల లెక్కా గ్యాసు బండ తారీఖూ రాసుకునే కేలెండరు మీదే, పూర్తిగా తొక్కిన రోజుకి అడ్డగీత, చిన్నపాఠం రోజుకి చుక్క పెట్టండి. నెలాఖరున చుక్కలే ఎక్కువగా కనిపిస్తే వేళ ఎంచుకోవడంలో పొరపాటు వుందన్నమాట, వేళ మార్చి చూడాలి.

మా ధూల్‌పేట్‌కి ఈ చిన్నపాఠం అవసరం మరీ ఎక్కువ. వినాయక చవితికి ముందు రెండు మూడు వారాలు గల్లీల నిండా గణపతులే. బేరాలాడేవాళ్ళు, లారీలు, తాళ్ళు, రంగు డబ్బాలు. మా ఎదురింట్లో మూర్తులకి రంగులు వేసే భాభీ కూడా సైకిలు తొక్కుతుంది. ఆ మూడు వారాలూ ఆమెకి నిద్రే వుండదు. "అప్పుడు సైకిలు మానెయ్యనా వదినా?" అని అడిగింది. మానవద్దు, చుక్కలు పెట్టుకో అన్నాను. సంక్రాంతి ముందు ఇంకో గండం వుంది, పతంగుల మాంజా. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా గాలిలో వేలాడే దారం మన కంటికి కనపడదు, మెడకి తగిలేదాకా తెలియదు. జనవరి మొదటి పక్షంలో సాయంత్రాలు తొక్కకండి. పొద్దున వెళ్ళినా మెడచుట్టూ మందపాటి మఫ్లరు రెండు చుట్లు చుట్టుకోండి.

సైకిలు గురించి రెండే మాటలు. దిగినప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించుకుంటాం. అందువల్ల మోకాళ్ళు ఎక్కువ మడుచుకుని నొప్పులొస్తాయి, వయసు మీద పడిందనుకుంటాం. సీటు మీద కూచుని మడమను పెడలు మీద పెట్టినప్పుడు, పెడలు అడుగున వుండగా కాలు నిటారుగా చాపుకోవాలి. అదీ కొలత. చీరకన్నా సల్వారు మేలు, దుపట్టాను అడ్డంగా వేసి నడుముకి ముడి వెయ్యాలి. గాలి కొట్టడం, బట్టలూ హెల్మెట్టూ తీసి పెట్టుకోవడం ముందురోజు రాత్రే అయిపోవాలి. చీకటిలో బయలుదేరేవాళ్ళు వెనక ఎర్ర లైటు పెట్టించుకోండి. ఇంకొకటి, సైకిలు మీద ఒంటి బరువు ఎముకల మీద పడదు కనక ఎముకల గట్టితనానికి అది సరిపోదు. మెట్లెక్కడం, నడక మానవద్దు.

మూడు నాలుగు వారాలు క్రమంగా తొక్కినా రొప్పు తగ్గకపోతే, మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతుంటే, బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఎవరినీ తిట్టనివ్వకండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడాక సాధన పెంచండి. గుండెలో నొప్పి, బిగపట్టినట్టుండటం వుంటే ముందు డాక్టరు దగ్గరికే. షుగరుకి ఇన్సులిను గాని మాత్రలు గాని వాడేవాళ్ళు పరగడుపున తొక్కవచ్చో లేదో అడిగి తెలుసుకోండి. వెళ్ళేటప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం గాని, నాలుగు చెంచాల పంచదార పొట్లం గాని వుంచుకోండి. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే దిగి, అది నోట్లో వేసుకుని పావుగంట కూచోవాలి. మిగిలిన దారి ఆ పూటకి ఆటోలో రావచ్చు.